ఇంకోసారి బావ, వణికే హ్యాండిల్

మా బావను పేరు పెట్టి పిలిచేవాళ్ళు మా వీధిలో లేరు. అందరికీ ఆయన 'ఇంకోసారి'. షెడ్డుకు తాళం వేస్తాడు, నాలుగడుగులు వేస్తాడు, "ఇంకోసారి చూసొస్తా" అంటూ వెనక్కి వెళ్ళి తాళం పట్టుకుని గుంజుతాడు. పొయ్యి ఆర్పాక ఇంకోసారి. కుళాయి కట్టేశాక ఇంకోసారి. మా అక్క పెళ్ళికి సరేనన్న రోజున కూడా గుమ్మం దాటి వెళ్ళినవాడల్లా తిరిగొచ్చి, "మీరు సరేనన్నారు కదా? ఇంకోసారి చెప్పండి" అన్నాడట. అక్క ఇంకోసారి చెప్పింది కాబట్టి నేను ఆయనకు మరదలినయ్యాను. ఆయన్ని ఆటపట్టించే హక్కు కూడా నాకు అలాగే దఖలు పడింది.

బావ మోటారు సైకిళ్ళ మెకానిక్కు. నేను ఆయన షెడ్డు ముందుగదిలో విడిభాగాల బల్ల వెనక కూర్చుంటాను. ఇంజన్లు చూసేవాళ్ళు చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. బావ చూసేది బండి ముందు భాగం: హ్యాండిల్, దాని మెడలో తిరిగే బేరింగు, చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు ఫోర్కు కాళ్ళు. ఆ పనే ఎందుకు పట్టుకున్నావని అడిగితే, "వెనక చక్రం చెడితే మనిషి ఆగిపోతాడు, ముందు చక్రం చెడితే మనిషి పడిపోతాడు" అంటాడు. పడిపోవడమంటే ఆయనకు ప్రాణభయం. ఆ భయం వల్లే ఆయన చెయ్యి అంత జాగ్రత్తగా ఉంటుందని నేను అనుకునేదాన్ని.

షెడ్డులో ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఏ బండికి ఎవరు నట్టు బిగించారో వాళ్ళే దాన్ని మొదట నడపాలి. పక్క షెడ్లవాళ్ళు పని అయిపోగానే తాళం చెవి యజమాని చేతిలో పెట్టేస్తారు. బావ అలా ఇవ్వడు. హెల్మెట్ పెట్టుకుని, పట్టీ లాగి చూసుకుని, ఉరికంబం ఎక్కబోతున్నవాడి మొహంతో వీధి చివరిదాకా వెళ్ళొస్తాడు. అప్పుడు గానీ తాళం చెవి చేతులు మారదు. అంత పిరికివాడు తన మెడకు తనే ఇలాంటి గుదిబండ ఎందుకు కట్టుకున్నాడని నవ్వుకునేదాన్ని.

మా అక్క ఆరోగ్య కేంద్రంలో నర్సు. కొండ మీది ఇళ్ళకు మందులు చేర్చడం, అక్కడివాళ్ళను చూసుకోవడం ఆమె పని. ఆ కొండ దారి తారురోడ్డుగా మొదలై, మట్టిగా మారి, చివరికి కంకరా గుంటలూ తప్ప ఏమీ మిగలకుండా పోతుంది. ఒక పక్క రాతి గోడ, రెండో పక్క లోయ. కార్లు ఎక్కవు. అందుకని ఆసుపత్రివాళ్ళు అక్కకు తారు మీదా మట్టి మీదా రెండిటి మీదా నడిచే పొడుగు కాళ్ళ బండి ఒకటి ఇచ్చారు. ముందు చక్రం పెద్దది, సీటు ఎత్తు. అక్క దాన్ని ఎక్కితే మునివేళ్ళు మాత్రమే నేలకు ఆనుతాయి.

ఒక సాయంత్రం అక్క షెడ్డులోకి బండి తోసుకుంటూ వచ్చింది. నడుపుకుంటూ కాదు, తోసుకుంటూ. స్టాండు వేసి, నా బల్ల ముందు స్టూలు మీద కూలబడి రెండు చేతులూ చాపింది. అరచేతుల నిండా హ్యాండిల్ రబ్బరు మీది గళ్ళు అచ్చుపడి ఉన్నాయి. ఎర్రగా, లోతుగా. నేను మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయింది, వేళ్ళు ముడుచుకోవడం లేదు.

"వాలు దిగుతుంటే హ్యాండిల్ వణికింది," అంది. "మొదట కొంచెం. తర్వాత ఎవరో చేత్తో పట్టుకుని ఊపుతున్నట్టు. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత ఎక్కువ ఊగింది. లోయ అంచుకు వెళ్ళిపోయానండీ. అంచుకి."

అప్పటికే బావ లోపలి నుంచి వచ్చి వింటున్నాడు. ఆయన మొహంలో రక్తం లేదు. బండి పొట్ట కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, హ్యాండిల్‌ను మెల్లగా ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పాడు. సరిగ్గా మధ్యకు రాగానే అది కటుక్కుమని ఆగింది. ఇంకోసారి తిప్పాడు. మళ్ళీ అక్కడే కటుక్కుమంది. "మెడలో గోళీల బేరింగు. గోళీలు కూర్చునీ కూర్చునీ గుంటలు పడ్డాయి," అన్నాడు. తర్వాత ముందు భాగాన్ని కిందికి నొక్కి వదిలాడు. బండి మెత్తటి పరుపులా దిగిపోయి, పైకి లేచి, మళ్ళీ దిగింది. "స్ప్రింగులు కూడా చచ్చిపోయాయి. ఇది బండి కాదు, ఉయ్యాల."

"బాగు చేస్తారా?" అంది అక్క.

"చేస్తాను. కానీ నువ్వింక ఆ కొండెక్కకు."

"ఎక్కాలి. వచ్చే వారం మొదట్లో ఎక్కాలి," అంది అక్క. పైన ఒక అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగి ఉంది. నొప్పులు మొదలుకాకముందే ఆసుపత్రికి చేర్చాలని డాక్టరమ్మ చెప్పింది. అంబులెన్సు కొండ కింద వంతెన దగ్గరే ఆగిపోతుంది. అక్కడిదాకా ఆ అమ్మాయిని బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తేవాల్సింది మా అక్కే.

"కుర్చీలో కూర్చోబెట్టి మనుషులు మోసుకు రాకూడదా?" అన్నాను నేను.

"పోయినసారి అలా మోస్తుంటే ఒకతను కంకర మీద జారాడు. కుర్చీ, మనిషి, అందరూ కింద. ఆ అమ్మాయి ఆ కథ విని ఉంది. కుర్చీ ఎక్కనంది. నర్సమ్మ బండి అయితే వస్తానంది," అని అక్క తన చేతులకేసి చూసుకుంది. "నా బండి అంటే నమ్మకమట."

వెనక మనిషి కూర్చుంటే బరువు వెనక్కి పోతుంది, ముందు చక్రం తేలికవుతుంది, తేలికైన చక్రం ఇంకా ఎక్కువ వణుకుతుంది. ఇన్నేళ్ళు ఆ బల్ల వెనక కూర్చున్నందుకు అంతమాత్రం నాకూ తెలుసు. బావకు తెలియకుండా ఉంటుందా? ఆయన చూపు అక్క మొహం మీద లేదు. ఆ అరచేతుల మీదే ఉంది.

తర్వాతి రోజులన్నీ బావ ఆ బండికే అంకితం. మిగతా బండ్లవాళ్ళు వచ్చి తిట్టి పోయారు. పాత గోళీల బేరింగు పీకేసి, దాని బదులు కోలగా ఉండే రోలర్ల బేరింగు కూర్చాడు. అవి గోళీల్లా ఒక్క చుక్క మీద ఆనవు, పొడవునా ఆనుతాయి, కాబట్టి గుంట పడవు. ఫోర్కు కాళ్ళలో గట్టి స్ప్రింగులు వేసి, చిక్కటి ఆయిలు పోశాడు. చక్రం పైన రెండు కాళ్ళూ వేటికవి మెలి తిరగకుండా వాటిని కలిపి పట్టే అల్యూమినియం పట్టీ ఒకటి బిగించాడు. టైరు మార్చాడు. అన్నానికి పిలిస్తే "ఆ" అని అక్కడే ఉండిపోయేవాడు. ఒకసారి గ్రీజు చేత్తోనే ముద్ద నోట్లో పెట్టుకోబోతే నేను చెయ్యి పట్టుకున్నాను.

అన్నీ అయ్యాక అసలు పరీక్ష పెట్టాడు. చక్రం గాల్లో ఉంచి, హ్యాండిల్ మధ్యలో నిలబెట్టి, ఒక్క వేలితో తట్టాడు. హ్యాండిల్ తనంతట తనే మెల్లగా పక్కకు వాలి, చివరిదాకా వెళ్ళి ఆగింది. మధ్యలో కటుక్కుమనలేదు. మరీ వదులుగా పడిపోలేదు, మరీ బిగుసుకునీ లేదు.

"చూశావా? తన బరువుతో తనే వాలాలి. చక్రానికి తన దారి తను వెతుక్కునే వీలుండాలి," అన్నాడు. ఆ వారమంతటిలో మొదటిసారి నవ్వాడు. నేనూ నవ్వాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి షెడ్డు తలుపు తీసే ఉంది. బావ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. "ఏం చేస్తున్నావు బావా, ఇంత పొద్దున్నే?" అన్నాను.

"ఏం లేదు. ఊరికే చూశాను." అని హెల్మెట్ ఒకటి నా వైపు తోశాడు. "పెట్టుకో. వాలు మీద నడిపి చూడాలి. వెనక మనిషి ఉండాలి."

"ఇసుక బస్తా కట్టుకోవయ్యా!"

"బస్తా భయపడదు. భయపడే మనిషి వెనక ఎలా కదులుతుందో నాకు తెలియాలి."

భయపడే మనిషి కావాలంటే ఆయన వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు, అద్దంలో చూసుకుంటే చాలని నోటిదాకా వచ్చింది. కానీ అనలేదు. ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఎక్కి కూర్చున్నాను.

ఊరు దాటేవరకు బండి బాగానే నడిచింది, కాకపోతే తాగినవాడి నడకలా కొంచెం ఇటూ కొంచెం అటూ పోతోంది.

"కదలకు," అన్నాడు బావ.

"నేనెక్కడ కదులుతున్నాను? ఊపిరే పీల్చడం లేదు."

"కొత్త టైరు. నలిగితే సర్దుకుంటుంది," అన్నాడు, నాకు కాదు, తనకు తనే చెప్పుకున్నట్టు.

కొండ ఎక్కడం ఎలాగో అయింది. పైన బండి తిప్పి కిందికి చూస్తే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎక్కేటప్పుడు దారి కనిపిస్తుంది, దిగేటప్పుడు లోయ కనిపిస్తుంది. అక్క రోజూ ఇది చూస్తూ దిగుతుందా? ఇంటికొచ్చి మామూలుగా కూర తరుగుతుందా? ఇన్నేళ్ళు నాకు తట్టనందుకు సిగ్గేసింది.

మొదటి మలుపు దాకా ఫర్వాలేదు. గుంటలో పడ్డా ముందు భాగం మునుపటిలా ఊగలేదు, దిగి, లేచి, నిలబడింది. తర్వాత కంకర మందంగా ఉన్న చోటు వచ్చింది. అప్పుడు బండి లోయ వైపు లాగింది. బావ గోడ వైపు తిప్పాడు. బండి వెంటనే తిరగలేదు, తిరిగాక అవసరానికి మించి తిరిగింది. మళ్ళీ ఇటు దిద్దాడు. మళ్ళీ అటు. ఒక్కో దిద్దుబాటుకూ ఊపు పెద్దదవుతోంది. ఇది అక్క చెప్పిన వణుకు కాదు. పెద్ద పాము మెలికలు తిరుగుతూ దిగుతున్నట్టుంది, ఆ పాము మీద మేమున్నాం. లోయ నా మోకాలి కిందికి వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. నేను అరిచాను. ఏమని అరిచానో తెలియదు, అమ్మను పిలిచాననుకుంటా. బావ చొక్కా నా పిడికిళ్ళలో చిరిగిన చప్పుడు మాత్రం విన్నాను.

బావ బ్రేకు గట్టిగా వేయలేదు. వేసి ఉంటే ఈ కథ చెప్పడానికి నేనుండేదాన్ని కాదు. గేరు తగ్గించి, కాళ్ళు రెండూ నేలకు రాస్తూ, గోడ వైపు పోయినప్పుడు అలాగే పోనిచ్చాడు. బండి గోడకు రాసుకుంటూ ఆగింది. నేను దిగి నాలుగు కాళ్ళ మీద పాకి గోడను ఆనుకున్నాను.

బావ బండి దిగలేదు. హ్యాండిల్‌ను పట్టుకుని అలాగే ఉన్నాడు.

"నేనే," అన్నాడు. "పొద్దున ఇంకోసారి బిగించాను."

నాకు మొదట అర్థం కాలేదు.

"రాత్రి పరీక్షకు సరిగ్గా వాలింది కదా. ఇంటికెళ్ళి పడుకుంటే, వదులైపోతుందేమో, వదులైతే వణుకుతుందేమో అనిపించింది. పొద్దున్నే వచ్చి ఇంకొంచెం బిగించాను. ఊరికే, ధైర్యానికి. బిగించాక మళ్ళీ పరీక్ష పెట్టలేదు. పెడితే వాలదని తెలుసు నాకు. అందుకే పెట్టలేదు."

నాకు ఒళ్ళు మండింది. "బుద్ధుందా నీకు? నెలలు నిండిన పిల్ల కూర్చోవాల్సిన బండి ఇది! నియమం లేకపోతే ఇవాళ తాళం చెవి అక్కకు ఇచ్చేసేవాడివి!"

"అందుకే కదే ఆ నియమం," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్ను నేను నమ్మలేకే కదా పెట్టుకున్నది."

ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో తెలియదు. చాలాకాలంగా నవ్వుకున్న విషయం నవ్వులాట కాదని అప్పుడు తెలిసింది.

దారి పక్క నుంచి రాయి దొర్లించి బండి పొట్ట కింద పెట్టాం. నేను వెనక సీటు మీద కూర్చుని బరువేస్తే ముందు చక్రం లేచింది. బావ వేలితో తట్టాడు. హ్యాండిల్ కదిలి, సగంలోనే మొద్దులా ఆగిపోయింది. ఆయన సంచిలోంచి కొక్కెం పానా తీశాడు. పైనున్న పెద్ద నట్టు సడలించి, దాని కింద గాడులున్న గుండ్రటి నట్టుకు కొక్కెం తగిలించాడు. తిప్పలేదు.

"తిప్పు బావా."

"ఈ లోయ పక్కన నిలబడి వదులు చేయమంటావా?" అన్నాడు. చెయ్యి కదలడం లేదు. బిగించడానికి ఎప్పుడూ వెనకాడని చెయ్యి, సడలించడానికి రావడం లేదు.

"అక్క కోసం," అన్నాను.

కళ్ళు మూసుకుని తిప్పాడు. కొంచెం. తట్టి చూశాం. ఇంకొంచెం. మూడో మాటు తట్టగానే హ్యాండిల్ తనంతట తనే వాలి, మెత్తగా చివరిదాకా వెళ్ళింది. పై నట్టు బిగించి మళ్ళీ తట్టాడు. వాలింది. బావ ఊపిరి వదిలాడు. కానీ పానా ఇంకా చేతిలోనే ఉంది, చూపు ఆ నట్టు మీదే ఉంది. నేను ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పి పానా లాక్కుని నా సంచిలో వేసుకున్నాను.

"ఇది ఇంక నా దగ్గరే ఉంటుంది," అన్నాను. ఆయన కాదనలేదు.

మళ్ళీ ఎక్కాలంటే నాకు కాళ్ళు రాలేదు. నడిచి దిగిపోతానని చెబుదామనుకున్నాను. కానీ వెనక మనిషి లేకుండా చూస్తే అది చూసినట్టు కాదు. ఏడుస్తూనే ఎక్కాను. బావ ఈసారి హ్యాండిల్‌ను పిట్టను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కంకర వచ్చింది. ముందు చక్రం ఒకసారి అటూ ఇటూ అల్లాడి, దానంతటదే సర్దుకుని తిన్నగా నడిచింది. మళ్ళీ రాళ్ళు, మళ్ళీ అల్లాట, మళ్ళీ సర్దుకోవడం. కిందికి వచ్చేదాకా నా భయం పోలేదు. కానీ బండి ఒక్కసారీ లోయ వైపు లాగలేదు.

ఇంటికెళ్ళాక బావ అక్కకు ఏదీ దాచకుండా చెప్పేశాడు. అక్క తిట్టలేదు. "గట్టిగా పట్టుకోకూడదు, అంతేనా?" అని మాత్రం అడిగింది. "అంతే. అది వణికినా వదులుగానే పట్టుకో. దాన్ని దిద్దుకోనివ్వు," అన్నాడు. తను చేయలేని పనిని పెళ్ళానికి నేర్పుతున్నాడు పాపం.

అనుకున్న రోజు రానే వచ్చింది. అక్క పైకి వెళ్ళింది. నేనూ బావా వంతెన దగ్గర, అంబులెన్సు పక్కన నిలబడ్డాం. డ్రైవరు బీడీ ముట్టించి, "మీ ఆవిడ బండి బాగా నడుపుతుందటగా, మరెందుకండీ భయం?" అన్నాడు. బావ వంతెన ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుని కొండకేసి చూస్తున్నాడు. రెండుసార్లు నా సంచి వైపు చూశాడు. నేను సంచి రెండో భుజానికి మార్చుకున్నాను.

పైనుంచి ఇంజను చప్పుడు వినిపించింది. మలుపు తిరిగి దగ్గరైంది. తర్వాతి మలుపులో ఆగిపోయింది.

డ్రైవరు బీడీ కింద పడేశాడు. లోయలోకి చూడకూడదనుకుంటూనే చూశాను. చెట్లు, రాళ్ళు, ఇంకేమీ లేదు. బావ పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. ఆయన ఏమంటున్నాడో నాకు తెలుసు. బిగించి ఉండాల్సింది, బిగించి ఉండాల్సింది.

చప్పుడు మళ్ళీ మొదలైంది. మలుపు చివర మొదట పెద్ద చక్రం, తర్వాత అక్క హెల్మెట్, దాని వెనక ఇంకో హెల్మెట్ కనిపించాయి. కంకర మీద ముందు చక్రం అల్లాడటం మాకు కిందికే కనిపించింది. బావ గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. చక్రం సర్దుకుంది. బండి మెల్లగా, తిన్నగా, వంతెన మీదికి వచ్చి ఆగింది.

వెనకున్న అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది. "వచ్చేశామా నర్సమ్మా?" అంది.

"వచ్చేశాం తల్లీ. కళ్ళు తెరువు."

"మధ్యలో ఎందుకు ఆపారు?"

"నువ్వు నా నడుం అంత గట్టిగా పట్టుకుంటే ఊపిరెలా పీల్చను? ఊపిరి పీల్చుకోవడానికి ఆపాను," అంది అక్క. డ్రైవరు నవ్వాడు. నేను నవ్వబోతే ఏడుపొచ్చింది. ఆ అమ్మాయిని జాగ్రత్తగా దింపి, అంబులెన్సులో పడుకోబెట్టాం.

అక్క కూడా ఎక్కబోతుంటే బావ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు పైకి తిప్పాడు. ఎర్రటి గళ్ళు లేవు. దుమ్ము, కాస్త చెమట, అంతే. వాటిని పట్టుకున్న బావ చేతుల్లోనే వంతెన కడ్డీ తుప్పూ, దాని అంచు నొక్కిన లోతైన గీతలూ ఉన్నాయి.

అక్క వాటిని చూసింది. డ్రైవరు తొందరపెడుతున్నాడు. అక్క చేతులు విడిపించుకుని అంబులెన్సు మెట్టు ఎక్కింది.

"ఇంకోసారి చూపించు," అన్నాడు బావ.

అక్క వెనక్కి తిరిగి, రెండు అరచేతులూ చాపి, ఆయన చూసినంతసేపూ అలాగే పట్టుకుంది.